దమరి వాటా రొట్టె

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరట. ఆ ఊరి బిషపు గారి పేరు ఎల్పిదు. నవ్వకు, ఆ కాలంలో ఆ దేశంలో పేర్లు అట్లాగే ఉండేవి. నీ పేరు వింటే వాళ్ళూ నవ్వుదురు.

ఆదివారం పూజ అయ్యాక ఆయన రొట్టె విరిచి అందరికీ పంచేవారు. జబ్బుపడి రానివాళ్ళ వాటా ఇంటికి పంపేవారు. ఒక్కరిని కూడా మర్చిపోయేవారు కాదు.

అప్పుడు ఆ దేశపు రాజుకి కళ్ళు నెత్తికెక్కాయి. నా బొమ్మ ముందు చిటికెడు సాంబ్రాణి వేసి మొక్కండి, లేకపోతే తల తీయిస్తానన్నాడు. దేవుడికి తప్ప ఎవరికీ మొక్కను, వెయ్యనన్నారు బిషపు గారు. ఆయన్ని చెరసాల్లో పెట్టారు.

ఆ ఊళ్ళోనే దమరి అని మొగుడు పోయిన మనిషి ఉండేది. చంకలో పాలు తాగే పిల్ల. భటులు ఆ పిల్లని లాక్కోబోయేసరికి దమరి భయపడి సాంబ్రాణి వేసేసింది. ఏం చేస్తుంది చెప్పు, కన్నకడుపు కదా. గుడివాళ్ళు మాత్రం ఆమెని వెలేశారు. నీళ్ళ దగ్గర కూడా పలకరించేవాళ్ళు కాదు.

ఆ తర్వాత గుడి పెద్ద మెనాసు చెరసాలకి బిషపు గారి కోసం రొట్టె పట్టుకెళ్ళాడు.

"దమరి వాటా పంపావా?" అని అడిగారాయన.

"ఆమె ఇప్పుడు మనలో మనిషి కాదు కదా అయ్యగారూ."

"అయితే నాకూ వద్దు."

మర్నాడూ ఇదే మాట. ఆ పైరోజూ ఇదే మాట. ఆకలితో ఆయన బుగ్గలు లోపలికి పోయాయి. మెనాసు మనసు మాత్రం కరగలేదు. సాంబ్రాణి వెయ్యనందుకు అతని అన్నని చంపేశారు మరి. అతని కడుపుమంట అతనిది.

అప్పుడు బిషపు గారిని చంపడానికి వీధి వెంట నడిపించారు. భయంతో అందరూ తలుపులు మూసుకున్నారు. దమరి గుమ్మం ముందు ఆయన ఆగి, "అమ్మా, దాహంగా ఉంది," అన్నారు.

నీళ్ళిచ్చినవాళ్ళని కూడా వదలరని ఆమెకి తెలుసు. అయినా పిల్లని చంకనేసుకుని, చెంబు పట్టుకుని బయటికొచ్చింది. గబగబా రావడంలో సగం నీళ్ళు ఒలికిపోయాయి. మిగిలినవి తాగి ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టారు.

"నువ్వు మా బిడ్డవే తల్లీ," అన్నారు.

భటులకి కూడా ఎందుకో ఆమెని ఏమీ అనబుద్ధి కాలేదు. ఆయన్ని మాత్రం తీసుకెళ్ళి చంపేశారు. ఇది చెప్పినప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది.

ఇదంతా మెనాసు తలుపు సందులోంచి చూశాడు. తలుపు మాత్రం తియ్యలేదు.

ఆ తర్వాత ఏడాదికి అందరూ ఆయన సమాధి దగ్గర చేరారు. మెనాసు రొట్టె విరిచాడు గానీ పంచలేదు. మొదటి ముక్క పట్టుకుని దమరి ఇంటికి నడిచాడు.

"ఆ రోజు నేనూ తలుపు మూసుకున్నానమ్మా. నువ్వు తింటేనే మేమంతా తింటాం," అన్నాడు.

దమరి కాస్త తుంచి పిల్ల నోట్లో పెట్టి, మిగిలింది తను తింది. అప్పుడు అందరూ తిన్నారు.

అప్పట్నుంచీ ఆయన తిరునాళ్ళకి మొదటి రొట్టె ఊళ్ళో ఎవరూ మాట్లాడని ఇంటికే వెళ్తుందట. దాన్ని పట్టుకెళ్ళేది, ఆ ఇంటి మీద అందరికంటే ఎక్కువ కోపం ఉన్నవాడట.

కథ కంచికి,
కునుకు కంటికి.