ఇన్నమ్మ పెరుగు ముంత

అనగనగా మిరపచేల నడుమ ఒక ఊళ్ళో ఇన్నమ్మ అనే పిల్ల ఉండేది. పద్దెనిమిదో ఏట మఠంలో చేరి సిస్టరు అవుతానంది. వాళ్ళమ్మ వద్దనలేదు. చిన్న ముంతలో పెరుగు పోసి చేతికిచ్చింది.

“ఎక్కడ పొయ్యి వెలిగించినా దీంతోనే పాలు తోడేసుకోవే. మనింట్లో తిన్నట్టే ఉంటది” అంది.

ఆ రోజుల్లో మఠంలో చేరిన పిల్ల మళ్ళీ ఇంటి గడప తొక్కకూడదమ్మా. ఇక ఇన్నమ్మకి పుట్టిల్లంటే ఆ ముంతే.

అప్పుడు మదరుగారు ఆమెని కొత్త మఠాలు పెట్టమని పంపారు. మొదటిది నల్లరేగడి ఊళ్ళో. ఎడ్లబండి ఊగుతుంటే ఒళ్ళో ముంతకి జోల పాడింది, నిజం. ఆ తర్వాత రెండోది సముద్రం ఒడ్డున. పొగమంచులో పడవెక్కి వెళ్ళింది. ఆ తర్వాత మూడోది కొండ కింద. నడిచే వెళ్ళింది, మబ్బులు కూడా దిగివచ్చి వెంట నడిచాయి. ఎక్కడైనా ముందు పొయ్యి, ఆ తర్వాత పెరుగు, ఆ తర్వాతే బడీ గుడీ. గిన్నె పట్టుకొచ్చిన వాళ్ళకల్లా తోడుకి చెంచాడు పెట్టేది.

కొండ కింద ఉండగానే అమ్మ పోయిందని ఉత్తరం వచ్చింది. వెళ్ళడానికి లేదు. ఏడుపూ రాలేదు. ఆ పూట ఆ పెరుగే కలుపుకుని తింది.

అప్పుడు తపస్సు కాలం వచ్చింది. ఈస్టరుకి ముందు నలభై రోజులు ఇష్టమైనవి మానేస్తారు కదా. ఇన్నమ్మేమో జ్వరంతో మంచాన పడింది. కొత్తగా చేరిన సిస్టర్లు మహా భక్తిగా పెరుగు మానేసి, ముంత కడిగి బోర్లించారు. తోడుకి కాస్త మిగల్చాలని ఒక్కరికీ తోచలేదు, పిచ్చితల్లులు.

జ్వరం తగ్గి లేచి చూస్తే ఎండిన ముంత. ఇన్నమ్మ వంటింట్లో కూర్చుని, అమ్మ పోయినప్పుడు రాని ఏడుపంతా ఏడ్చింది.

ఈస్టరు పొద్దున ఎవరో తలుపు తట్టారు. కుమ్మరి కొండమ్మ, చేతిలో గిన్నె.

“మీ పండగంట గదమ్మా, పెరుగు తెచ్చినా. నువ్విచ్చిన తోడే. మా వీధంతా దీంతోనే తోడేసుకుంటాం.”

ఇన్నమ్మ వేలితో రుచి చూసి కళ్ళు మూసుకుంది. మిరపచేల వాసన వచ్చింది. అమ్మ గాజుల చప్పుడు వినిపించింది. మెల్లగా వెళ్ళి ముంత తెచ్చి ముందుకు చాచింది.

“నాకూ తోడుకి ఒక చెంచాడు పెట్టమ్మా” అంది.

ఇందాక మారాం చేస్తూ తిన్నావే పెరుగన్నం, అదీ ఆ తోడే. కొండమ్మంటే మా అమ్మమ్మ.

కథ వెళ్ళింది కంచికి,
పెరుగు చేరింది ఉట్టికి,
మనమొచ్చాం ఇంటికి,
నిద్ర రావాలి కంటికి.