పెళ్లికి పనికిరాని పూలు

తుమ్మెదకోట అని ఒకానొక రాజ్యం ఉండేది. ఎంత రాజ్యమంటే, రాజుగారు తూర్పు వాకిట్లో తుమ్మితే పడమటి వాకిటి కావలివాడు "చిరంజీవ" అనేవాడు. రాజ్యం అంతే గాని, మేదినీవర్మ మహారాజుగారి దర్పం మూడు రాజ్యాలకు సరిపోయేది.

ఆయన కొలువులో కూచన్న అనే విదూషకుడు ఉన్నాడు. విదూషకుడంటే ఉత్తినే నవ్వించేవాడనుకునేరు. ఇతరులు చెబితే తల పోయే మాటను తాను చెప్పి తల నిలుపుకునేవాడన్నమాట.

రాజుగారి ఒక్కగానొక్క కూతురు నాగమాంబకు పెళ్లి కుదిరింది. కూచన్న భుజాల మీద పెరిగిన పిల్ల. పెళ్లి పూలు ఎంచే పని మాత్రం రాజుగారు ఎవరికీ వదల్లేదు.

"ప్రతి పువ్వుకూ ఒక అర్థం ఉంటుంది. అది మాకు తప్ప ఎవరికీ తెలియదు," అన్నారు.

తోటమాలి మల్లెల బుట్ట పెట్టాడు.

"తెల్లారితే వాడిపోతాయి. కాపురమూ వాడిపోవాలా? తియ్యి!"

"సంపెంగలు, ప్రభూ."

"వాటి మీద తుమ్మెద వాలదు. రేపు అల్లుడు అమ్మాయి దరిదాపులకు రాకపోతే నువ్వు జవాబు చెబుతావా?"

మొగలిరేకులకు ముళ్లున్నాయి, అత్తగారి నోటికి గుర్తు. కనకాంబరాలకు వాసన లేదు, అత్తింట్లో పిల్ల మాటకు విలువ ఉండదు. చామంతి చలికాలం పువ్వు. మరి ఎండాకాలం కాపురం ఎవరు చేస్తారు?

ఇలా తోటంతా ఖాళీ అయ్యాక రాజుగారు మీసం దువ్వి తీర్పు చెప్పారు. "కరివేపాకు! వాడదు, ముల్లుండదు, పచ్చగా ఉంటుంది. దండలన్నీ దానితోనే."

"నాన్నగారూ, నాకు పెళ్లి చేస్తున్నారా, మేకకు మేత వేస్తున్నారా?" అని నాగమాంబ ఏడుస్తూ లోపలికి పోయింది.

వెంట వచ్చిన కూచన్నతో, "బాబాయ్, ఆ దండ చూస్తే మగపెళ్లివారు వెనక్కి పోతారు. అవమానం అనుకోరూ?" అంది.

ఆ పిల్ల భయం నిజమే. ఎదుర్కోలు తెలుసు కదా? మగపెళ్లివారు పొలిమేరకు రాగానే ఆడపెళ్లివారు ఎదురెళ్లి, పూలదండ వేసి, పానకమిచ్చి తీసుకురావాలి. దండ పడందే వరుడు పల్లకీ దిగడు. అది ఆ ఊళ్ల ఆచారం.

"నువ్వు కళ్లు తుడుచుకో తల్లీ," అని కూచన్న తిన్నగా రాజుగారి దగ్గరికి వెళ్లాడు.

"ప్రభూ, పువ్వులకే ఇన్ని అర్థాలుంటే మనుషులకు ఉండవా? పెళ్లిపందిరి వాకిట్లో నిలబడి అశుభమైన వాళ్లను ఏరేస్తాను. సెలవియ్యండి."

రాజుగారు పొంగిపోయారు. "మా దగ్గర చేరి నీకూ బుద్ధి వికసించింది! నువ్వు ఆపినవాణ్ణి మేమే వదలమన్నా వదలకు. ఇది మా ఆజ్ఞ."

పెళ్లిరోజు వచ్చింది. కూచన్న కర్ర పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు.

పురోహితుడు నశ్యం పీల్చి తుమ్మాడు. "అపశకునం. బయట ఉండండి!" సన్నాయి వాయించేవాడు బుగ్గలు ఉబ్బించాడు. "అలకకు గుర్తు. పక్కకు జరుగు!" పెళ్లికూతురిని గంపలో మోసుకురావలసిన మేనమామ ఆయాసపడుతూ వచ్చాడు. "గంప ఎత్తకముందే ఇంత ఆయాసమా? కాపురం బరువవుతుందని గుర్తు. వెళ్లవయ్యా!"

చివరికి పట్టుబట్టలు కట్టి, పందిట్లోని ఎదుర్కోలు దండ కోసం రాజుగారే వచ్చారు. కర్ర అడ్డం పడింది.

"ఓరి! మమ్మల్నే?"

"ఒక్కసారి కిరీటం తీస్తారా, ప్రభూ?"

తీశారు. తల నున్నగా మెరిసింది.

"అయ్యయ్యో! పూత మొత్తం రాలిపోయిందే! పూత రాలిన చెట్టు కాయ కాస్తుందా? మనవలకు మంచిది కాదు. బయట ఉండండి."

"మూర్ఖుడా, మేము లేకుండా కన్యాదానం ఎవడు చేస్తాడు?"

"దోషం లేని తండ్రి కోసం మనుషుల్ని పంపాను, ప్రభూ. పువ్వే దొరకలేదు, తండ్రి దొరకడానికి కాస్త సమయం పట్టదూ?"

అంతలో పొలిమేరలో ఆగిన మగపెళ్లివారి నుంచి కబురు వచ్చింది. "దండ వేస్తారా, పల్లకీ తిప్పెయ్యమంటారా?"

రాజుగారికి చెమట పట్టింది. వెనక్కి చూస్తే బంధువర్గమంతా వీధిలో ఉంది. పందిట్లోకి తొంగి చూస్తే పీటలు ఖాళీ. మధ్యలో ఒక మేక తీరిగ్గా కరివేపాకు దండ నములుతోంది.

"దాన్నెలా వదిలావురా?"

"ఎంత వెతికినా దోషం కనబడలేదు, ప్రభూ. పైగా తమరు ఎంచిన దండను మెచ్చింది అదొక్కటే."

రాజుగారు మేకను చూశారు, చేతిలోని కిరీటాన్ని చూశారు. మీసాలు అదిరాయి, తర్వాత పొట్ట అదిరింది. పగలబడి నవ్వారు.

"మల్లెలు తెప్పించండర్రా! వాడిపోతే రేపు మళ్లీ కోసుకుందాం!"

కూచన్న చెయ్యి ఊపాడు. పొద్దున్నే కట్టించి తడిగుడ్డల్లో చుట్టించిన దండలు బయటికి వచ్చాయి. రాజుగారు పొలిమేరకు పరుగెత్తారు. వరుడు పల్లకీ దిగాడు. నాగమాంబ మల్లెల జడతో గంపలో కూర్చుంటే మేనమామ ఆయాసపడుతూనే మోసుకొచ్చాడు.

తాళి కట్టించాక రాజుగారు తన మెడలోని ముత్యాలహారం తీసి కూచన్న మెడలో వేశారు.

"ప్రభూ, ముత్యమంటే కన్నీటిచుక్కకు..."

రాజుగారు గబుక్కున అతని నోరు మూశారు.

"ముత్యమంటే ముత్యమే! వేసుకుని పోయి పానకం తాగు."