సువార్త కంప్యూటరు తాళం

మా పేర్రాజు మాస్టారికి ఒక అలవాటు. 'మీ క్షేమం కోసమే' అని ఎవరైనా అంటే చాలు, చేతిలో పని ఆపి ఆ మనిషిని ఎగాదిగా చూస్తారు. పాలకొల్లులో కంప్యూటర్లు బాగుచేయడం నేర్పే ఆయనకు ఇంత అనుమానమేమిటని మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఒకరోజు జకరయ్య అనే శిష్యుడు అడిగాడు. "కొత్త కంప్యూటర్లకి కంపెనీవాళ్ళు లోపల తాళం వేసి ఇస్తున్నారు కదండి. వాళ్ళు ఒప్పుకున్న ఆపరేటింగ్ సిస్టం తప్ప వేరేది ఎక్కనివ్వదు. వైరస్ రాకుండా ఆమాత్రం కాపలా మంచిదేగా?"

మాస్టారు చేతిలో పని ఆపి అతన్ని ఎగాదిగా చూశారు. "మీ అక్క కంప్యూటరు పట్రా" అన్నారు.

జకరయ్య అక్క సువార్తకు చూపు లేదు. టీచరు పరీక్షకు చదువుతోంది. కొత్తగా కొన్న ఆ కంప్యూటరు ఇంగ్లీషు తప్ప తెలుగు పైకి చదవదు. అందుకని తెలుగు పాఠాలు చదివి వినిపించే సిస్టం ఒకటి జకరయ్య తనే కూర్చి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాడు. కంప్యూటరు తెచ్చేటప్పుడు అక్క కూడా వెంట వచ్చింది. పెన్‌డ్రైవ్ పెట్టి కంప్యూటరు ఆన్ చేస్తే తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. తాళం తీద్దామని జకరయ్య సెట్టింగుల్లోకి వెళ్ళాడు. తాళం తీసే మీట కనిపిస్తోంది గాని ఎంత నొక్కినా కదలదు.

"ఏమంటోందిరా?" అంది సువార్త.

"మనది నమ్మదగింది కాదంట. నీ క్షేమం కోసం ఆపేసిందంట."

"నా కోసమా? నన్నెవరూ అడగలేదే" అందామె. ఈసారి మాలో ఎవరికీ నవ్వు రాలేదు.

మాస్టారు బీరువాలోంచి ఇంకో పెన్‌డ్రైవ్ తీసిచ్చారు. అందులో ఉన్నది కంపెనీ ముద్ర ఉన్న పాత సిస్టం. దాని లొసుగుల్లోంచి ఏ వైరసైనా దూరిపోతుందని, పొరపాటున కూడా వాడొద్దని మాకు చెప్పింది ఆయనే. జకరయ్య భయపడుతూనే పెట్టాడు. కంప్యూటరు కిక్కురుమనకుండా దాన్ని లోపలికి రానిచ్చింది. మాస్టారు వెంటనే ఊడదీసేశారు.

నాకు ఒళ్ళు మండింది. జకరయ్య ముఖం మాడిపోయింది. "పరీక్ష దగ్గరికొచ్చేసిందండి. అక్కకి పాఠాలెవరు చదువుతారు?" అన్నాడు.

"ప్రస్తుతానికి నువ్వే చదివిపెట్టు" అన్నారు మాస్టారు. "అది కాపలా కాస్తున్నానని చెప్పింది గాని, ఎవరి తరఫునో చెప్పలేదు."