తుప్పు కాని తుప్పు

“మా కొలిమి నుంచి ఒక్క రేణువు కూడా ఊరి మీద పడదు. పడితే నన్నడగండి.” ఇనుప ఫ్యాక్టరీ మేనేజరు పంచాయతీ అరుగు మీద నిలబడి, మైకు పట్టుకుని అన్న మాట ఇది. ఇప్పుడు అడిగితే, “మీ వ్యానుకి తుప్పు పట్టింది, మాకేం సంబంధం?” అంటున్నాడు.

ఊపిరందని వాళ్ళని పట్నం ఆసుపత్రికి చేరవేసే ఆ తెల్ల వ్యాను ఒళ్ళంతా నారింజ రంగు చుక్కలు. నీళ్ళకీ సబ్బుకీ లొంగవు. మర్నాడు పొద్దున్న తనిఖీ అధికారి వస్తున్నాడు. అవి తుప్పేనని ఆయన నమ్మితే రెండో కొలిమికి అనుమతి వచ్చేసినట్టే.

పోరాట సంఘంలో నినాదాలు రాసే గౌరీశ్వర్‌కి ఆ రోజు అన్నం సయించలేదు. సంఘాన్ని నడిపే అప్పలనరసమ్మ టీచరు దగ్గరికెళ్ళి నిలదీశాడు.

“మాట తప్పినవాళ్ళతో ఇంకా మెత్తగానే ఉండమంటారా టీచర్? రాజీ అంటే లొంగిపోవడమే కదా?”

అడిగినదానికి వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆవిడకి లేదు. “ఆ చుక్కలు పైనుంచి పడ్డవే అయితే ఊడి రావాలి కదా. ఊడదీసి చూపించు” అంది.

అతను గిన్నెలు తోమే స్టీలు పీచు తీసుకుని వ్యాను తలుపు మీద పడ్డాడు. మేనేజరు మొహమే అక్కడున్నట్టు తోమాడు. చుక్కలు పోయాయి. వాటితోపాటు రంగూ పోయి, అరచేయంత మేర రేకు బయటపడింది. రాత్రి మంచుకి ఆ రేకు నిజంగానే తుప్పు పడుతుంది. మేనేజరు అబద్ధాన్ని తానే నిజం చేసిపెట్టాడు.

టీచరు వచ్చి చూసింది. “వాళ్ళ పని నువ్వే చేశావురా. జీతమేమైనా ఇస్తారేమో కనుక్కో.”

బండ్లకు రంగులు వేసే షెడ్డు నుంచి తెచ్చిన, రంగుకి అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి బంకముద్ద ఆవిడ చేతిలో ఉంది. రెండో తలుపు మీద సబ్బునీళ్ళు ధారాళంగా పోసి, ముద్దని ఊరికే జార్చసాగింది. ఎక్కడా నొక్కలేదు. మొదట గరగరమంది. క్రమంగా ఆ చప్పుడు ఆగిపోయింది.

“వేళ్ళకి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని తడిమి చూడు, గరుకు బాగా తెలుస్తుంది.”

అతను తడిమాడు. ముద్ద తగలని చోట ఉప్మారవ్వ చల్లినట్టుంది. తగిలిన చోట గాజులా నున్నగా ఉంది. కింద రంగు చెక్కుచెదరలేదు. ముద్ద అడుగున మాత్రం, పైపైన తుప్పెక్కిన నల్లటి ఇనుప రజను.

“మిగతా సగం ముట్టుకోకు. రేపు ఆ అధికారి చేతే రుద్దిద్దాం” అంది టీచరు.

“మరి నేను గీకింది?”

“ఉన్నది ఉన్నట్టు చెప్పు, నువ్వే గీకావని.”

ఆవిడ ముద్దని ఒక టిఫిన్ డబ్బాలో పెట్టి అతనికిచ్చింది. “అధికారి చూశాక ఇది మేనేజరుకి చేరాలి. ఇది ఊరి సొమ్ము కాదు, ఆయనదే.”

గౌరీశ్వర్ మూత మీద అంటించడానికి కాగితం తీశాడు. నాలుగు నినాదాలు నాలుక చివరే ఉన్నాయి. “ఏం రాయమంటారు?”

“అంతా ఆ ముద్దే చెబుతుంది. నువ్వు గడువు రాయి, చాలు.”

అతను రాశాడు: ‘జవాబు కావాలి. నవంబరు పదో తేదీలోగా.’