కెప్టెన్ మార్తాండరావు తీపి

హైదరాబాదులో మార్తాండరావు అనే పైలట్ ఉండేవాడు. విమానం నడపడంలో ఆయనకు మంచి పేరుంది కానీ, వైద్య పరీక్ష దగ్గరపడితే తప్ప తన ఒంటి సంగతి పట్టించుకునేవాడు కాదు.

ఆయనకు తీపి అంటే ప్రాణం. భోజనం చివర రెండు కాజాలు పడాల్సిందే. పైలట్లకు ఏటా వైద్య పరీక్ష ఉంటుంది. కళ్ళు, చెవులు, గుండె, రక్తం అన్నీ చూసి డాక్టరు సర్టిఫికెట్ ఇస్తేనే విమానం నడపాలి. ఆ పరీక్ష ఇంకో వారం ఉందనగా మార్తాండరావు మారిపోయేవాడు. సొరకాయ కూర, జొన్నరొట్టె, పొద్దున్నే పరుగు. ఆ వారమంతా ఆయన చిరాకుకు ఇంట్లోవాళ్ళు ఎదురుపడేవారు కాదు. పరీక్షలో చక్కెర మామూలుగా తేలేది. ఆ సాయంత్రమే మిఠాయి పొట్లంతో ఇంటికి వచ్చేవాడు.

కొంతకాలంగా ఆయనకు ఊరికే అలసట వస్తోంది. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరడం లేదు. డాక్టరుకు చెప్పమని భార్య ఇందుమతి పోరుతూనే ఉంది. సర్టిఫికెట్ ఉన్నవాడికి జబ్బేమిటని ఆయన నవ్వేసేవాడు.

ఆ ఏడు రాజమండ్రిలో ఉండే ఆయన అక్క సీతారత్నం హైదరాబాదు వస్తానంది. చిన్నప్పుడే తల్లి పోతే తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది ఆవిడే. విమానం అంటే భయం. తమ్ముడు నడిపితేనే ఎక్కుతానని ఎన్నో ఏళ్ళుగా చెబుతోంది. మార్తాండరావు అడిగి మరీ రాజమండ్రి విమానం తనకు వేయించుకున్నాడు. అయితే అంతకు ముందే వైద్య పరీక్ష వచ్చింది. ఎప్పటిలాగే వారం ముందు సొరకాయ మొదలుపెట్టాడు.

ఈసారి పరీక్షించింది కొత్త డాక్టరు, నళినీబాల. ఆవిడ అలసట గురించి అడిగి, మరో రక్త పరీక్ష కూడా రాసింది. గడిచిన మూడు నెలల్లో ఒంట్లో చక్కెర సగటున ఎంత ఉందో అది చెప్పేస్తుందట. ఫలితం చూసి డాక్టరు, చక్కెర అదుపులోకి వచ్చేదాకా విమానం నడపకూడదని రాసింది.

"వారం నుంచి పత్యం చేస్తున్నానండీ," అన్నాడాయన.

"ఆ వారం బాగానే ఉన్నారు కెప్టెన్ గారూ. మిగతా ఏడాది సంగతేమిటి?" అంది డాక్టరు.

ఆయన సిగ్గుతో ఇంటికి వచ్చాడు. అక్కకు ఫోనులో చెప్పలేక, మామూలు ప్రయాణికుడిగా రాజమండ్రి వెళ్ళాడు. తిరుగు విమానంలో అక్క పక్క సీట్లో కూర్చుని బెల్టు పెడుతూ ఉంటే, నువ్విక్కడ కూర్చుంటే విమానం ఎవరు తోలతారని ఆవిడ కంగారుపడింది. దాచడం కుదరలేదు. వారం రోజుల పత్యంతో సహా జరిగిందంతా చెప్పేశాడు.

సీతారత్నం కోప్పడలేదు. విమానం పైకి లేచాక మెల్లగా అడిగింది.

"పరీక్ష అయిపోయాక కూడా నీ విమానంలో జనం ఎక్కుతారు కదరా?"

మార్తాండరావు తల తిప్పి వెనక వరసలు చూశాడు. ఒక పసివాడు తల్లి ఒళ్ళో నిద్రపోతున్నాడు. ఒక ముసలాయన నోరు తెరిచి గురక పెడుతున్నాడు. పైలట్ ఎవరో వీళ్ళెవరికీ తెలియదు. అయినా నిశ్చింతగా ఉన్నారు. ఇన్నాళ్ళూ తను డాక్టర్లనే మాయ చేస్తున్నాననుకున్నాడు. మాయలో పడుతున్నది ఇలా నమ్మి కూర్చున్నవాళ్ళేనని అప్పుడు తెలిసింది.

అక్క హైదరాబాదులో ఉన్నన్నాళ్ళూ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని నడకకు వెళ్ళింది. ఆవిడ వెళ్ళిపోయాక ఆయన ఇందుమతితో నడిచాడు. మొదట్లో తీపి కోసం నాలుక లాగేది. రానురాను అలవాటు తప్పింది. దాహం తగ్గింది, ఒళ్ళు తేలికపడింది. సొరకాయ కూర మళ్ళీ వడ్డించమని తనే అడగడం చూసి ఇంట్లోవాళ్ళు విరగబడి నవ్వారు.

కొన్ని నెలల తర్వాత నళినీబాల మళ్ళీ పరీక్షలు చేసింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి, మళ్ళీ పరీక్ష ఎప్పుడో ముందుగా కబురు చేస్తానంది.

"ముందుగా చెప్పకపోయినా ఫరవాలేదండీ. ఏ రోజు పిలిచినా వస్తాను," అన్నాడు మార్తాండరావు.

నీతి: పరీక్ష కోసం వేసిన వేషం ఆ ఒక్క రోజే నిలుస్తుంది, మనల్ని నమ్ముకున్నవాళ్ళను ఏడాది పొడుగునా కాపాడేది మన మంచి అలవాటే.