డాక్టరమ్మ మెత్తటివే తినమంది

అనగనగా, రైళ్ళు ఆగకుండా వెళ్ళిపోయే ఒక ఊళ్ళో వరహాలమ్మ అని ఒకావిడ ఉండేది నాన్నా. ఇంట్లో ఒక్కతే. మొగుడు పోయాడు, పిల్లలు కలగలేదు. ఒక పిల్లి ఉండేది గానీ, అది పాలు చిక్కగా పోసే ఇల్లు చూసుకుని వెళ్ళిపోయింది.

ఆ వీధివాళ్ళు చాలా మంచివాళ్ళు. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో అందరికీ తెలుసు. తెలియకపోతే వచ్చి మూత తీసి చూసేవాళ్ళు.

వరహాలమ్మకు నమిలే పళ్ళు ఊడిపోయాయి. అప్పట్నించీ పెళ్ళికి పిలిచినా, పేరంటానికి పిలిచినా, "కడుపులో బాగోలేదమ్మా" అని భోజనం మానేసేది. కడుపు బాగానే ఉండేది. బంతిలో అందరూ తిని లేచిపోతే, తనొక్కతే అదే ముద్దను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు తిప్పుకుంటూ కూర్చోవాలి. వడ్డించేవాళ్ళు చీపురు పట్టుకుని నిలబడేవాళ్ళు. అది ఆవిడకు కష్టంగా ఉండేది.

పదిమందితో కలిసి మళ్ళీ అన్నం తినాలి. ఆవిడ కోరిక అదొక్కటే.

అప్పుడు టౌనుకు వెళ్ళి పళ్ళ డాక్టరమ్మకు చూపించుకుంది. డాక్టరమ్మ చిగుళ్ళు కోసి, దవడ ఎముకలోకి చిన్న చిన్న మరమేకులు దింపి, కుట్లు వేసింది.

"ఇవి ఎముకకు గట్టిగా పట్టుకోవాలి పెద్దమ్మా. ఆ తర్వాతే వీటి మీద పళ్ళు కడతాను. అందాకా మెత్తటివే తినండి. ఇప్పుడు కొన్నాళ్ళు వేడివి వద్దు, కారం వద్దు, పలుకులున్నవి అసలు వద్దు. కొబ్బరిబోండం తాగినా గ్లాసులో పోసుకోండి, గొట్టం పెట్టి పీల్చొద్దు. కుట్టు ఊడుతుంది" అని చెప్పింది.

వరహాలమ్మ బుగ్గ మీద కొంగు కప్పుకుని ఇంటికొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే, "ఈ వయసులో ఈ సోకులేటి" అంటారని భయం. ఉత్తి భయం కాదు, అంటారు. ఆ వీధివాళ్ళకు అంతకంటే పనేముంది?

ఒక పూట పెరుగన్నం గుజ్జులా పిసుక్కుని తింది. ఒక పూట అరటిపండు చిదుముకుని తింది. ఇంకో పూట పెసరకట్టు చల్లారబెట్టుకుని తాగింది. కడుపు నిండేది గానీ, తినడం చిటికెలో అయిపోయేది. నమలడమన్నా ఉంటే అదొక కాలక్షేపం. గిన్నె కడిగేసి, పొద్దు గుంకేదాకా గుమ్మం వైపు చూస్తూ కూర్చునేది.

అప్పుడు వీధిలోంచి గిన్నెలు రావడం మొదలైంది.

ఎదురింటి పైడితల్లి రొయ్యల ఇగురు పంపింది. పైడితల్లి చేతి కారం తింటే చెవుల్లోంచి పొగలు వస్తాయి, ఆవిడ మొగుడికి అందుకే వినపడదంటారు. ఆ తర్వాత మూలింటి సూరీడమ్మ వేరుశనగ ఉండలు పంపింది. అవి గోడకేసి కొడితే గోడకే దెబ్బ. ఆ తర్వాత పక్కింటి రావులమ్మ పొయ్యి మీంచి దించిన చారు, పొగలు కక్కేది, తానే తెచ్చి గుమ్మంలో పెట్టింది. రావులమ్మ వీధిలో అందరికంటే పెద్దది, అందరికీ అప్ప, అందరికంటే గయ్యాళి.

ఆ మూడింటిలో ఒక్కటి కూడా వరహాలమ్మ నోట పెట్టుకోగలిగేది కాదు. చేసేది లేక ఆ రొయ్యలూ ఆ ఉండలూ పాలు పోసేవాడికి ఇచ్చేసింది. చారు మాత్రం చల్లారేదాకా కూర్చుని, ఒక చెంచా తాగి, మిరియం మండి మానేసింది.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఆ వీధిలో గిన్నె ఖాళీగా వెనక్కి పంపరు నాన్నా. అందులో ఏదో ఒకటి వేసే పంపాలి. వరహాలమ్మ ఇంట్లో వేయడానికి ఏముంది? ఆ గిన్నెలు అలాగే ఉండిపోయాయి.

అరుగు మీద మాటలు మొదలయ్యాయి. "టౌనుకెళ్ళొచ్చిన కాడ్నించి మాటా లేదు, పలుకూ లేదు. దానికేటి పొగరు?" అంది పైడితల్లి.

"నా ఉండలు నచ్చలేదు గావాల" అంది సూరీడమ్మ.

"నచ్చడానికి అవి తినేవైతే గదా" అంది రావులమ్మ.

ఆ తర్వాత గిన్నెలు రావడం ఆగిపోయింది. తలుపు తట్టడం ఆగిపోయింది. ఎదురింట్లో పురుడైతే పిలుపు కూడా రాలేదు. లోపల వరహాలమ్మకు అరుగు మీది నవ్వులన్నీ వినిపించేవి. నలుగురితో తినడానికని దవడ కోయించుకుంటే, ఉన్న ముగ్గురూ పోయారు.

అప్పుడు ఆవిడ లేచి గిన్నెలు తోమింది. నూకల జావ కాచింది. గోరువెచ్చగా చేసి మూడు గిన్నెల్లోనూ పోసి, గుమ్మాల్లో పెట్టి వచ్చేసింది.

నూకల జావ ఆ వీధిలో ఎప్పుడు పంపుతారంటే, అందుకునే ఇంట్లో ఎవరైనా మంచం పట్టినప్పుడు. ఇంకేముంది, ముగ్గురూ గిన్నెలు పట్టుకుని ఊడిపడ్డారు.

"ఓలమ్మా, మా ఇంట్లో ఎవులికి రోగమే? నా మొగుడు దున్నపోతులా ఉన్నాడు!" అంది పైడితల్లి.

వరహాలమ్మ వాకిట్లోకి, వెలుగులోకి వచ్చి నోరు తెరిచింది. ముగ్గురూ బావిలోకి చూసినట్టు తొంగిచూశారు.

"ఇంట్లో ఉన్నది ఇదే ఒదినా. నేను తినేది ఇదే" అంది.

పైడితల్లి ఇంకాస్త వంగి, చిగుళ్ళ మీది కుట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. ఆ తర్వాత, "ఈ వయసులో ఈ సోకులేటే వరాలూ" అని అననే అంది. అనేసి, పొయ్యి మీద కూర మాడుతోందని వెళ్ళిపోయింది. సూరీడమ్మ ఈ వార్త తక్కిన వీధికి చేరవేయాలని పరుగెత్తింది.

రావులమ్మ వెళ్ళలేదు. గుమ్మంలో చతికిలబడి, గిన్నె ఎత్తి ఒక గుక్క తాగింది. "ఉప్పేదే దీనికి? గొడ్లు కూడా తాగవు" అంది.

"నువ్వు తాగుతున్నావు గదప్పా" అంది వరహాలమ్మ.

"పారబొయ్యలేక" అంది రావులమ్మ. మొత్తం తాగింది.

మర్నాడు సాయంత్రం రావులమ్మ తనే జావ కాచి తెచ్చింది. తిట్టుకుంటూ తెచ్చింది. ఆ తర్వాత గుమ్మడికాయ ఉడికించి మెదిపి తెచ్చింది. ఆ తర్వాత ఇడ్లీ పాలల్లో నానబెట్టి తెచ్చింది. ఆవిడకు కొడుకులూ కోడళ్ళూ మనవలూ ఇంటి నిండా ఉన్నారు. వాళ్ళందరూ టీవీ వైపు తిరిగి తింటారు. ఈవిడ మాత్రం వరహాలమ్మ వైపు తిరిగి కూర్చుని తినేది.

అలా ఎండలు పోయి వానలొచ్చాయి. డాక్టరమ్మ ఆ మరమేకుల మీద పళ్ళు కట్టింది. "ఇంక ఏదైనా తినొచ్చు పెద్దమ్మా, గట్టివైనా సరే" అంది.

వరహాలమ్మ బస్టాండులో చేగోడీల పొట్లం కొనుక్కుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని పొట్లమంతా కరకరా నమిలేసింది. ఎంత బాగున్నాయో! నములుతూ నములుతూ ఊరి దగ్గరికి వచ్చేసరికి ఆవిడకు దిగులేసింది. పళ్ళొచ్చాయి కదా, ఇంక రావులమ్మ ఎందుకొస్తుంది?

ఇంటికొచ్చేసరికి రావులమ్మ జావ గిన్నెతో గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఏటందే డాక్టరమ్మ?"

వరహాలమ్మ నేల చూపులు చూసింది. "ఇంకా కొన్నాళ్ళు... మెత్తటివే తినమంది అప్పా."

రావులమ్మ ఆవిడను ఎగాదిగా చూసింది. చెయ్యి చాచి, ఆవిడ కొంగు మీదున్న చేగోడీ పొడి మెల్లిగా దులిపింది.

"డాక్టరమ్మ మాట కాదనకూడదు" అని, రెండు గిన్నెల్లో జావ పోసింది.

*జావ తాగి వాళ్ళు మూతి తుడుచుకున్నారు,*
*దీపమార్పి మనం ముసుగు కప్పుకున్నాం.*
*కథేమో కంచి బండెక్కింది,*
*నీకేమో కంటి నిండా నిద్దరెక్కింది.*