ఉన్నది ఉన్నట్టే

ఒకానొక రాజ్యంలో బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టే గుత్త నాదంటే నాదని ఇద్దరు షావుకార్లు వ్యాజ్యానికి దిగారు. ధర్మాధికారి స్వయంగా బడికొచ్చి, వంటశాల చూసి, "తీర్పు చెప్పేదాకా ఇక్కడ ఏది ఎలా ఉందో అలాగే ఉండాలి" అని ఆజ్ఞ వేసి వెళ్ళాడు.

ఆయన బండి మలుపు తిరగగానే షావుకార్లలో ఒకడైన భద్రయ్య కొట్టుగదికి తాళం బిగించాడు. "తీర్పు వచ్చేదాకా వంట లేదు" అన్నాడు.

వంటచేసే నూకాలుకు మనసొప్పలేదు. ఆ పిల్లల్లో చాలామందికి రోజంతటికీ అదే తిండి. మర్నాడు తాళం పగలగొట్టి, రాజుగారి బియ్యం తీసి, ఎసరు పెట్టింది. భద్రయ్య ఆమెను ధర్మాధికారి ముందుకు లాక్కుపోయాడు.

"తమరి ఆజ్ఞ మీరింది, శిక్షించండి!"

నూకాలు చేతులు కట్టుకుంది. "బాబూ, తమరు ఆజ్ఞ ఇచ్చినప్పుడు పొయ్యి మండుతోందా, ఆరి ఉందా?"

"మండుతోంది."

"కొట్టుగది?"

"తెరిచే ఉంది."

"పిల్లలు?"

"పంక్తిలో కూర్చుని తింటున్నారు."

"తమరు వెళ్ళాక పొయ్యి ఆరిపోయింది, పిల్లలకు మళ్ళీ ఆకలేసింది. అందుకే అన్నీ తమరు చూసినట్టే ఉంచుతున్నాను. మార్చిందెవరో తమరే చెప్పండి."

ఆకలి తన ఆజ్ఞకు ఆగదన్న సంగతి ధర్మాధికారికి అప్పుడే తట్టింది. "రోజూ అలాగే ఉంచు" అన్నాడు.

గుత్తేదారు లేకుండానే వంట సాగిపోతుందనేసరికి భద్రయ్య చేతులు జోడించాడు. "ప్రభూ, తీర్పు త్వరగా చెప్పండి!"

"నిదానంగానే ఆలోచించండి బాబూ" అంది నూకాలు. "ఎసరు మరుగుతోంది, నాకు సెలవిప్పించండి. తీర్పుకైతే మాకేం తొందర లేదు."